రాత్రికి బండి ఎక్కడ ఆపాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అద్దె గది ఖాళీ చేసి, సంతల వెంట తిరిగే ఆ వ్యానులోనే కాపురం పెట్టావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు లారీ క్యాబిన్‌లో పడుకున్నవాణ్ణి గనుక నేను తప్పుపట్టను. అయితే బండి ఎక్కడ ఆపాలన్నది నిద్ర ముంచుకొచ్చాక తేల్చుకునే సంగతి కాదు. పొద్దుండగానే చోటు చూసుకోవాలి, చీకట్లో పక్కనున్నది కల్లమో కాలువో కూడా తెలియదు.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద పెట్రోలు బంకును మించిన చోటు నాకు కనిపించలేదు. డీజిలు కొట్టించి, రాత్రి డ్యూటీలో ఉన్న మనిషిని అడిగి, అతను చూపిన మూలనే పెట్టు. భూమిలోని ట్యాంకుల మూతలున్న చోట ఆపితే తెల్లవారుజామున ట్యాంకరు వచ్చి నిన్ను లేపుతుంది. అక్కడ స్టవ్ వెలిగించవద్దు; వంట సంతలోనే ముగించుకో. మడపాం, నాతవలస టోల్‌గేట్ల దగ్గర వెలుతురుకు లోటు లేదు కాని, హారన్ల మోతకు కన్ను మూతపడదు. రోడ్డు అంచున మాత్రం ఎన్నడూ ఆపకు. బండి చెడి ఆగిపోతే జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చెయ్యి.

నాగావళి, వంశధార ఇసుక తిన్నెలు చల్లగా, మెత్తగా ఉండి ఊరిస్తాయి. ఆ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి గనుక, ఇక్కడ నక్షత్రాలు కనిపిస్తున్నా అక్కడి వానకు నీరు దిగుతుంది. ఒకసారి శ్రీకాకుళం దగ్గర నాగావళి ఇసుకలో పడుకున్నాను. కాళ్ల దగ్గర చెప్పులు తేలుతుంటే మెలకువ వచ్చింది. లారీని గట్టుకు ఎక్కించేసరికి వెనక చక్రాలు సగం మునిగాయి.

ఉద్దానంలో కొబ్బరి చెట్ల కింద నీడ ఉందని ఆశపడకు, అద్దం పగలడానికి ఒక్క కాయ చాలు. వాయుగుండం కబురు వినిపిస్తే తీరం వదిలి వచ్చేయ్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు అక్కడి తోటలు ఎలా కూలాయో నీకూ తెలుసు. సీతంపేట కొండల వైపు సంతకు వెళ్లినప్పుడు ఏనుగుల సంగతి ఊరివాళ్లను అడిగి, ఊరి నడుమనే ఆపుకో. రథసప్తమికి అరసవల్లి చుట్టుపక్కలకు, సిరిమానోత్సవానికి విజయనగరంలోకి బండి తీసుకెళ్లకపోవడమే మేలు.

ఉక్కగా ఉందని ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని పడుకోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మెలకువ రాకుండానే ప్రాణం పోతుంది. లోపల బొగ్గుల కుంపటి పెట్టినా అంతే. రెండు వైపులా అద్దాలు రెండు వేళ్లంత దించి, దోమతెర కట్టుకో.

బండి ముందు భాగం రోడ్డు వైపుకు ఉండేలా వెనక్కి పెట్టు, డీజిలు ట్యాంకుకు తాళం వెయ్యి. ఏ ఊళ్లో, ఏ బంకులో ఆగావో మీ అమ్మకు ఫోనులో చెప్పి పడుకో; నువ్వు చెప్పని రాత్రి ఆవిడ నాకు ఫోను చేసి అడుగుతోంది.

మీ మామయ్య