ఉగాది తీర్మానం పదో రోజుకి ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: ఉగాది నాడు ఐదు తీర్మానాలు రాసుకున్నాను. ఐదింటికి లేవడం, గంట నడక, రోజుకు 30 పేజీలు చదవడం, ఇంగ్లిష్ సాధన, చక్కెర మానడం. పదో రోజుకి అన్నీ ఆగిపోయాయి. మూడేళ్లుగా ఇదే తంతు. మెట్రోలో రాయదుర్గం వెళ్లొస్తాను. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, పడుకునేసరికి పదకొండున్నర. నాకు పట్టుదల లేదంటారా?
– ఒక పాఠకుడు, నాగోల్

జవాబు: పట్టుదల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ నిద్ర లెక్క చూడండి. పదకొండున్నరకి పడుకుని ఐదింటికి లేస్తే అయిదున్నర గంటలు. పెద్దవాళ్లకి కనీసం 7 గంటలు కావాలి. వారం పది రోజులు లాక్కొచ్చారు, ఆ తర్వాత ఒళ్లు వడ్డీతో సహా వసూలు చేసుకుంది.

కాబట్టి ఐదింటిలో నాలుగు పక్కన పెట్టి నిద్రతో మొదలుపెట్టండి. ఇప్పుడు ఏడింటికి లేస్తున్నారనుకుందాం. నాలుగు రోజులకోసారి పడుకునే వేళా, లేచే వేళా రెండూ 15 నిమిషాలు ముందుకు జరపండి. అయిదున్నరకి చేరడానికి 24 రోజులు పడుతుంది. ఒక్కసారిగా రెండు గంటలు జరిపితే నిద్ర రాక పదకొండున్నర దాకా దొర్లుతారు, ఫోన్ చేతిలోకొస్తుంది. అలారం పెట్టిన ఫోన్‌ని వంటింట్లో వదిలేయండి, ఆపడానికైనా లేచి నడవాలి. ఆదివారం తొమ్మిదింటి దాకా పడుకుంటే వారమంతా జరిపింది మళ్లీ మొదటికొస్తుంది, గంటకు మించి తేడా రానివ్వకండి. సాయంత్రం ఐదింటి కాఫీ కూడా మానాల్సిందే. అందులోని కెఫీన్‌లో రమారమి సగం రాత్రి పదింటికీ ఒంట్లోనే ఉంటుంది.

నిద్ర కుదిరాక వ్యాయామం. ‘రోజూ వ్యాయామం చేస్తాను’ అని రాసుకుంటే ఏ వేళకి, ఎక్కడ అన్నది తేలదు. ‘స్టవ్ మీద పాలు పెట్టగానే అక్కడే నిలబడి పది గుంజీళ్లు’ అని రాసుకోండి. పని ఎప్పుడు, ఎక్కడ చేస్తామో ముందే ముడిపెట్టుకున్నవాళ్లు దాన్ని నెరవేర్చే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో పరిశోధనలు ముందుంచి చెప్పారు. పాలు పెట్టడం మీ ఇంట్లో ఎలాగూ తప్పదు, గుర్తుచేసే పని అదే చూసుకుంటుంది. పది గుంజీళ్లకు నిమిషం చాలు, పాలు పొంగుతాయన్న బెంగ అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులుంటే గోడకు చేతులానించి పుషప్‌లు చేయండి.

చదువు సంగతి. ఉదయం బండి నాగోల్‌లోనే మొదలవుతుంది కాబట్టి సీటు దొరికే అవకాశం ఎక్కువ. కూర్చోగానే ఫోన్ బ్యాగులోకి, పుస్తకం చేతిలోకి, పరేడ్ గ్రౌండ్ వచ్చేదాకా. పావుగంటలో ఏడెనిమిది పేజీలు సాగుతాయి. సాయంత్రం తిరుగు బండిలో ఆ ఆశ పెట్టుకోకండి, ఆ రద్దీలో కమ్మీ పట్టుకుని నిలబడటమే గొప్ప.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి 2009లో వెల్లడించిన లెక్క వేరు: సగటు మనిషికి 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని అంచనా. గ్లాసు నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం నిదానంగా అలవాటయ్యాయి. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. తప్పిన రోజున ‘ఇక అయిపోయింది’ అనుకుని మొత్తం వదిలేయడమే అసలు దెబ్బ. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్లోనే ఆ తేదీ గడిలో టిక్కు పెట్టండి. వరసగా రెండు గడులు ఖాళీగా ఉండకూడదు. జ్వరమో, ఊరి ప్రయాణమో అయితే రెండు గుంజీళ్లకైనా టిక్కే. మూడో వారంలో ఉత్సాహం వచ్చి పదిని యాభై చేస్తారు చూడండి, అక్కడ జాగ్రత్త. పట్టేసిన తొడలు మర్నాడు లేవనివ్వవు.

చక్కెర, ఇంగ్లిష్ ఈ ఏడాదికి వదిలేసినా కొంప మునగదు.

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో రోజుకు పది గంటలు కూర్చుంటాను. చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, మాక్ టెస్టులో ఏదీ గుర్తురాదు.
– ఒక పాఠకురాలు, అశోక్‌నగర్

జవాబు: మళ్లీ మళ్లీ చదివితే పేజీ పరిచయమవుతుంది, ఆ పరిచయాన్నే ‘వచ్చేసింది’ అని పొరబడతాం. పరీక్షలో పేపరుకు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. నిమిషంలో జవాబు తలలోంచి బయటికి లాగాలి. ఆ లాగడాన్నే సాధన చేయాలి.

తెలంగాణ ఉద్యమం పేపరులో అందరూ తడబడే చోటు తీసుకుందాం: ఆరు సూత్రాల పథకం 1973, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే రాష్ట్రపతి ఉత్తర్వులు 1975, 610 జీవో 1985. నోట్‌బుక్ పేజీని నిలువుగా మడవండి. ఎడమ సగంలో ప్రశ్న మాత్రమే: ‘610 జీవో దేని ఉల్లంఘనను సరిదిద్దడానికి?’ కుడి సగంలో జవాబు: రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా జరిగిన నియామకాలను. 25 నిమిషాలు చదివి పుస్తకం మూసి, కుడి సగం కనపడకుండా పదిహేను నిమిషాలు జవాబులు రాయండి. రాయలేనివాటికి చుక్క పెట్టి వాటినే మళ్లీ చూడండి. అదే పేజీని మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, నెలకి మళ్లీ పరీక్షించుకోండి. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువగా జరుగుతుందని 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఆయన వాడినవి అర్థంలేని అక్షరాలు, కాబట్టి మీ పాఠం అంత త్వరగా పోదు. అయినా మర్నాటి పరీక్ష మానకండి.

మొదటి వారం చాలా నీరసంగా ఉంటుంది, సగం జవాబులు రావు. అప్పుడే చాలామంది మళ్లీ చదవడానికి వెళ్లిపోతారు. పది గంటలు కూడా అక్కర్లేదు. ఇలా చేస్తే ఆరేడు గంటలకే తల బరువెక్కుతుంది.

ప్రశ్న: ఎవరేది అడిగినా కాదనలేను. ఆఫీసులో పక్కవాళ్ల పని, ఇంట్లో బంధువుల పని నా మీదే పడుతోంది.
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: అడిగిన క్షణంలో జవాబు ఇవ్వకండి. ‘చూసుకుని సాయంత్రం చెప్తాను’ అనండి, సాయంత్రం తప్పకుండా చెప్పండి. కాదనేటప్పుడు కారణం ఒక్కటే. మూడు చెబితే మూడింటికీ బేరం పెడతారు: ‘ఆటో నేను మాట్లాడతాలే’, ‘పిల్లాణ్ణి మా ఇంట్లో ఉంచు’. ‘ఈ ఆదివారం కుదరదు వదినా’ అని ఆపేయండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించలేకే చాలామంది ‘సర్లే, వస్తాను’ అనేస్తారు. ఫోన్లో అయితే ఆ క్షణంలో గ్లాసు నీళ్లు తాగండి.