కొర్రమట్ట గాలికి పైకొచ్చే చోటు

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర పల్లె. ఫోన్లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి రాడ్, రీల్, రబ్బరు కప్ప కొన్నాను. వాళ్లు ఎండాకాలంలో నాచు పట్టిన చెరువుల్లో బాస్ అనే చేపను తెగ పడుతున్నారు. నేను ఏప్రిల్ నుంచి మా ఊరి చెరువు చుట్టూ తిరుగుతున్నా, కొర్రమట్ట ఒక్కటీ పడలేదు. రెండుసార్లు కప్ప మీదికి ఎగబడింది, రెండుసార్లూ తప్పించుకుంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు: తమ్ముడూ, రెండుసార్లు కప్ప మీదికి వచ్చిందంటే సగం పని అయినట్టే, టెన్షన్ పడకు. ముందు ఆ వీడియోల సంగతి చెప్తా. బాస్ ఉత్తర అమెరికా చేప, అది మొప్పలతోనే ఊపిరి తీసుకుంటుంది, అందుకని ఎండాకాలంలో నీళ్లలో ఆక్సిజన్ ఉన్న చోటు చూసుకుని అక్కడే ఉంటుంది. అక్కడి వాళ్లు పచ్చగా ఏపుగా ఉన్న నాచునే వెతుకుతారు, ఎర్రబడి కుళ్లుతున్న నాచు కనబడితే ముందుకు పోతారు, నాచు అయిపోయి లోతు మొదలయ్యే అంచున పొద్దున్నే, మళ్లీ పొద్దుగూకేటప్పుడు వేస్తారు. బాస్‌కు అది సరైన పద్ధతే.

మన కొర్రమట్ట వేరు. దానికి తల లోపల, మొప్పల పైన, నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది. ఎంత కచ్చితంగా అవసరమంటే, వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. కాబట్టి మే నెలలో చెరువు ఇంకిపోయి, మోకాలి లోతు నీళ్లు కాగి, గుర్రపుడెక్క కుళ్లి వాసన కొడుతున్న మూలన కూడా అది బతుకుతుంది. ఎక్కడ దాక్కున్నా గాలి కోసం మాత్రం పైకి రాక తప్పదు. నువ్వు చూడాల్సింది ఆ చోటే.

తెల్లవారుజామున కట్ట మీద కూర్చో, అరగంట గాలం ముట్టకు. రాత్రంతా నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, తెల్లారేసరికి నీళ్లలో అది బాగా తగ్గిపోతుంది, అందుకే ఆ వేళ దాని రాకపోకలు ఎక్కువ. గాలి లేకుండా ఒక్క తామరాకే కదిలితే అటు చూడు. గుబుక్కుమని ఒక చప్పుడు వస్తుంది, గొంతు లోపల నుంచి వచ్చినట్టు, ఆ వెంటనే ఆకుల సందులో రెండు మూడు బుడగలు తేలతాయి. పరకలు చేసే చిటపటకూ దీనికీ తేడా రెండు రోజుల్లో చెవికి తెలిసిపోతుంది. ఒడ్డున ఉన్న తుమ్మచెట్టో రాయో గుర్తు పెట్టుకో. కాసేపటికి మళ్లీ ఆ చుట్టుపక్కలే లేస్తుంది.

ఇక వేయడం. సరిగ్గా దాని నెత్తిన వేస్తే బెదిరిపోతుంది, రెండు మూడు బారలు అవతలికి వేసి, నీటి వలయాలు సద్దుమణిగాక కప్పను ఆకు మీది నుంచి ఆకు మీదికి మెల్లగా లాగు. కంచమంత ఖాళీ నీళ్లు ఎక్కడ వస్తే అక్కడ ఆపు. ఆపినప్పుడే కొడుతుంది. నీకు తప్పిపోయింది కూడా ఇక్కడే అనుకుంటా, చప్పుడు వినగానే రాడ్ గుంజి ఉంటావు. అది ఆకుతో సహా కప్పను నోట పట్టుకుంటుంది, కప్ప ఇంకా పూర్తిగా లోపలికి పోయి ఉండదు. ఒకటి, రెండు అనుకో, దారం మీద బరువు తెలిశాక గట్టిగా గుంజు. గుంజాక దారం వదులు చేయొద్దు, తల పైకే ఉంచి ఆకుల మీదుగా లాక్కురా, ఒక్కసారి కిందికి దిగి తామర కాడలకు చుట్టేసిందంటే ఇక రాదు. సన్నటి నైలాన్ దారం దీనికి ఆగదు, 40 పౌండ్ల బరువు ఆగే అల్లిక దారం వాడు.

ఒక మాట మాత్రం అన్నగా చెప్తున్నా. కప్ప నాచులో ఇరుక్కుంటే దాని కోసం నీళ్లలోకి దిగకు. పూడిక మట్టి తవ్విన గుంతలు మన చెరువుల్లో చాలా ఉన్నాయి, పైన గుర్రపుడెక్క కప్పేస్తే మోకాలి లోతు పక్కనే నిలువెత్తు గుంత ఉందని తెలియదు. దారం తెంపుకో, కప్ప మళ్లీ కొనుక్కోవచ్చు.

ప్రశ్న: హనుమకొండలో ఉంటాం. సెలవు రోజు గాలం వేయాలంటే ఎవరినైనా అడగాలా?

జవాబు: అడగాలి. ఊరి చెరువుల్లో చాలావాటికి చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, ఆ చేప మీదే వాళ్ల ఇల్లు గడుస్తుంది. ముందే వెళ్లి నమస్తే పెట్టి అడిగితే ఏ మూలన వేయాలో కూడా వాళ్లే చెప్పొచ్చు. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటి తాగునీటి చెరువుల దగ్గర అనుమతి లేకుండా వేయకండి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అక్కడ అటవీ శాఖ మాట వినాల్సిందే.

ప్రశ్న: మా కుంటలో వానలు పడ్డాక ఎర్రటి చిన్న పిల్లల గుంపు నీటి మీద కుతకుతలాడుతూ తిరుగుతుంది. దాని పక్కన ఏది వేసినా పెద్ద కొర్రమట్ట వెంటనే కొడుతోంది. ఇదేనా మంచి చోటు?

జవాబు: దయచేసి అక్కడ వేయకండి. ఆ ఎర్రటివి కొర్రమట్ట పిల్లలే, కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. అది ఆకలితో కొట్టడం లేదు, పిల్లల దగ్గరికి వచ్చినదాన్ని తరుముతోంది. చాలా ఏళ్ల కింద నేనూ తెలియక అలా ఒకటి పట్టాను. ఒడ్డున దాన్ని సంచిలో వేసుకుని వెనక్కి చూస్తే, గుంపు చెదిరిపోయి, పరకలూ జెల్లలూ వచ్చి ఆ పిల్లల్ని ఒక్కొక్కటే అందుకుంటున్నాయి. ఆ చేపను ఇంటికి తీసుకెళ్లాను గానీ నోట పెట్టలేకపోయాను. కొర్రమట్ట మన రాష్ట్ర చేప, వానాకాలం దానికి పిల్లల్ని సాకే కాలం. ఆ పిల్లల ఎరుపు పోయి, గుంపు విడిపోయేదాకా ఆ కుంటను వదిలేయండి.