జిమ్మీకి ఇంట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు, మీరు బయల్దేరండి

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 53 ఏళ్ళు. ఒక్కడే అబ్బాయి, బెంగళూరులో ఉద్యోగం. సంబంధాలు చూస్తున్నాం. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నాను, పెళ్ళయ్యాక ఆగిపోయింది. కొన్నేళ్ళుగా మా వీధి ఆడవాళ్ళం శనివారం సాయంత్రాలు కలిసి పాడుకుంటున్నాం. ఈసారి అందరం వ్యాన్ మాట్లాడుకుని తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనకు వెళ్దామనుకున్నాం. నాలుగు రోజులు పడుతుంది. సమస్య మా కుక్క జిమ్మీ. అబ్బాయి కాలేజీలో ఉన్నప్పుడు తెచ్చాడు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. నేను పెరుగన్నం కలిపి పక్కన కూర్చుంటే తప్ప తినదు. మావారు "నేనున్నాను కదా, వెళ్ళిరా" అన్నారు గానీ ఆయనకు అన్నం కలపడం కూడా రాదు. అబ్బాయికి చెబితే "అదే వారం ఫ్రెండ్స్ ఐదుగురిని తీసుకుని దర్శనానికి వస్తున్నా, మనింట్లోనే దిగుతామని చెప్పేశాను. నువ్వు లేకపోతే వంట ఎవరు చేస్తారు? నువ్వొక్కదానివి పాడకపోతే అక్కడ ఆగిపోతుందా? పైగా జిమ్మీ బెంగ పెట్టుకుంటుంది" అన్నాడు. వాడు కాఫీ కూడా కలుపుకోలేడు, అలా పెంచాను. జిమ్మీని కుక్కల హాస్టల్లో పెట్టవచ్చా? లేక ఈ ఏటికి ప్రయాణం మానుకోవడమే మంచిదా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, కుక్క సంగతి ముందు తేల్చేద్దాం. ఇల్లు విడిచి ఎప్పుడూ ఉండని తొమ్మిదేళ్ళ కుక్కను హాస్టల్లో పెట్టొద్దు. కొత్త చోటు, కొత్త మనుషులు, రాత్రంతా పక్క గదుల్లో మొరుగుళ్ళు, ఆ వయసులో దానికా టెన్షన్ ఎందుకు? ఇంట్లోనే ఉండనివ్వండి. రేపటి నుంచి మీవారి చేత అన్నం కలిపించండి. ఆ సమయానికి మీరు మేడ మీదికో పక్కింటికో వెళ్ళిపోండి. ఒక పూట మూతి తిప్పుకుంటుంది. గిన్నె కాసేపు ఉంచి తీసేయమనండి, బతిమాలొద్దనండి. మరుసటి పూటకు తింటుంది. రోజంతా ముట్టకపోయినా, నీళ్ళు తాగకపోయినా, వాంతులు చేసుకున్నా డాక్టరుకు చూపించాలి. మీ ఊళ్ళో వెటర్నరీ యూనివర్సిటీయే ఉంది, అక్కడి కాలేజీ ఆసుపత్రి ఎక్కడో ఆయనకు చూపించి పెట్టండి. టీకాల పుస్తకం ఆయన చేతికివ్వండి. ఇంకో జాగ్రత్త. కొండ దిగి వచ్చినవాళ్ళు ప్రేమకొద్దీ కుక్కకు లడ్డూ ముక్క పెడతారు. అందులో కిస్‌మిస్ ఉంటుంది. కిస్‌మిస్, ద్రాక్ష తింటే కుక్కలకు కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఈ మాట ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

ఇక అసలు సంగతి. మీ అబ్బాయి అన్నవాటిలో ఒక మాట మీకు గుచ్చుకుంది. "నువ్వొక్కదానివి పాడకపోతే అక్కడ ఆగిపోతుందా?" గుచ్చుకోకపోతే అక్షరం పొల్లుపోకుండా నాకు రాసేవారు కాదు. కానీ దాని మీద మీరు ప్రశ్న వేయలేదు, కుక్క మీద వేశారు. ఇన్నేళ్ళుగా మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే అనుకుంటాను. కొడుకు మాట బాధ పెడితే దాన్ని మింగేసి, పక్కనున్న పని చూసుకోవడం.

తిరుపతిలో ఇల్లున్న ఆడవాళ్ళ కష్టం నాకు తెలుసు. దర్శనానికి వచ్చేవాళ్ళంతా మనవాళ్ళే. తెల్లవారుజామున రైలు దిగి తలుపు కొట్టేవాళ్ళు, గుండు చేయించుకొచ్చి వేడినీళ్ళు అడిగేవాళ్ళు, అర్ధరాత్రి కొండ దిగి ఆకలితో వచ్చేవాళ్ళు. స్వామిని చూడ్డానికి వచ్చిన మనిషికి అన్నం పెట్టడం పుణ్యమని నేనూ మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే పిలిచే మనిషి ఒకరు, వండే మనిషి ఇంకొకరు అయినప్పుడు, పిలిచే ముందు వండే మనిషిని అడగాలి. "అమ్మను అడిగి చెప్తాను" అన్న మాట మీ అబ్బాయికి తోచనే లేదు. మా అమ్మ చేతి సంగటి, ఊరుబిండి, వంకాయ గొజ్జు తిని తీరాలని స్నేహితులకు గొప్పగా చెప్పే ఉంటాడు. ప్రేమ లేదని నేననను. కానీ ఇంతమందికి ఉండకట్టకుండా సంగటి కెలకాలంటే భుజాలు ఎంత లాగేస్తాయో వాడికి తెలియదు. ఎప్పుడూ పక్కన నిలబడి చూడలేదు మరి.

జిమ్మీ విషయమే చూడండి. దాన్ని తెచ్చింది వాడు. చదువయ్యాక వదిలి వెళ్ళిందీ వాడే. తొమ్మిదేళ్ళుగా అన్నం కలిపింది, వాకింగ్‌కు తిప్పింది, వాన పడితే తువ్వాలుతో తుడిచింది మీరు. ఇప్పుడు దాని బెంగను అడ్డం పెట్టి మిమ్మల్ని ఆపుతున్నాడు. పైగా ఆ వారం వాడూ ఇంట్లోనే ఉంటాడు కదా! తను తెచ్చుకున్న కుక్కకు తను అన్నం పెట్టలేడా? తండ్రి ఒకరు, కొడుకు ఒకడు, ఇద్దరు ఎదిగిన మనుషులు ఇంట్లో ఉండగా ఆ కుక్క దిక్కులేనిది ఎలా అవుతుంది?

తప్పంతా వాడి మీద వేయలేను. "కాఫీ కూడా కలుపుకోలేడు, అలా పెంచాను" అని రాశారు. ఆ మాటలో నాకు బాధ కంటే మురిపెం ఎక్కువ కనిపించింది. మీవారు "నేనున్నాను కదా" అంటే ఆ మాటనూ పక్కన పెట్టేశారు. ఆయనకు రాకపోతే నేర్పాలి గానీ, రాదని మీరే తీర్మానించేస్తే ఎలా? సంబంధాలు చూస్తున్నామన్నారు. రేపు ఆ ఇంట్లో అడుగుపెట్టే పిల్లకు కూడా ఉద్యోగం ఉంటుంది, పాటో ఆటో ఉంటుంది. తల్లి పాటకే విలువ ఇవ్వనివాడు భార్య ఇష్టాలకు ఏం విలువిస్తాడు?

మీరు వెళ్ళబోయే చోటు గురించి ఒక్క మాట. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఆలనాపాలనా లేకుండా పడి ఉంటే, తన సంపాదన పెట్టి అక్కడ గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని. అదే గుడి దగ్గర ఉత్సవంలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు. ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ళను కూడగట్టి అక్కడే వేరుగా ఆరాధన జరిపించింది. చివరికి అందరూ ఒక్కటి కాక తప్పలేదు. 1952లో ఆమె పోయాక ఆమె సమాధినీ ఆ ప్రాంగణంలోనే కట్టారు. ఇవాళ పుష్య బహుళ పంచమి నాడు ఆడా మగా కలిసి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని త్యాగరాజ పంచరత్న కీర్తనలు పాడుతున్నారంటే దాని వెనక ఆ తల్లి మొండిపట్టు ఉంది. అలాంటి చోటికి మీ వీధి ఆడవాళ్ళంతా కలిసి వ్యాన్‌లో వెళ్తుంటే, మీరొక్కరు ఇంట్లో దోశలు పోస్తూ ఉండిపోవడం నాకు మింగుడుపడటం లేదు. మీరు లేకపోయినా అక్కడ పాట ఆగదు, నిజమే. కానీ పెళ్ళయ్యాక ఒకసారి ఆగిన మీ పాట ఇప్పుడు మళ్ళీ ఆగితే, ఈ వయసులో ఇంకోసారి మొదలుపెట్టడం తేలిక కాదు.

మీ అబ్బాయితో ఇలా చెప్పండి: "నాన్నా, ఆ నాలుగు రోజులు నేను ఊళ్ళో ఉండను. నీ స్నేహితులు నిరభ్యంతరంగా రావచ్చు. ఏవి ఎక్కడున్నాయో మీ నాన్నకు చూపించి వెళ్తాను. జిమ్మీకి రెండు పూటలా నువ్వే పెట్టు. ఇంకొకటి, నా పాట గురించి నువ్వన్న మాట నాకు కష్టం కలిగించింది." ఇక్కడితో ఆపేయండి. సంజాయిషీ వద్దు, వెళ్ళనా అని అడగొద్దు, కన్నీళ్ళు పెట్టుకోవద్దు. రెండు రోజులు ముఖం ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి. ఆ పిల్లలు ఆకలితో ఉంటారని మీరు బెంగపడొద్దు. దర్శనమయ్యాక కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తృప్తిగా భోంచేయవచ్చు. తరిగొండ నుంచి వచ్చిన ఆ కవయిత్రి పేరు మీద అక్కడ రోజూ వేలమంది తింటున్నారు. కింద తిరుపతిలో హోటళ్ళకు కొదవ లేదు.

మీరు చేయబోయే పని ఒకటి నాకిప్పుడే కనిపిస్తోంది. బయల్దేరే ముందు రోజు రాత్రి పన్నెండు దాకా కూర్చుని పొడులు, పులిహోర గొజ్జు, మురుకులు, నాలుగు రోజుల కూరలు చేసి ఫ్రిజ్ నింపేస్తారు. అది మాత్రం వద్దు. దోశ పిండి ఒక్కటి రుబ్బి పెట్టండి, చాలు. అలసిపోయి వ్యాన్ ఎక్కితే మూడో రోజుకు గొంతు పోతుంది.

వ్యాన్‌కు మీ వాటా ఇంకా కట్టి ఉండరని నా అనుమానం. ఈ శనివారం కట్టేయండి. అబ్బాయికి ఫోన్ కట్టాకే చేయండి, ముందు చేయొద్దు.