అంతర్జాతీయ సంబంధాల ఎంఏ: సిద్ధాంతాల పేపరుకు భయపడి మానేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం, ఆ తర్వాత బీకాం. విదేశాంగ శాఖలో పనిచేయాలన్న కోరికతో ఢిల్లీలో అంతర్జాతీయ సంబంధాల ఎంఏలో చేరాను. మొదటి సెమిస్టరులోనే సిద్ధాంతాల పేపరు ఉంది. ఒకే పేజీని నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కడం లేదు. తరగతిలో నోరు విప్పాలంటే భయం. ఇది మానేసి సివిల్స్ కోచింగులో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మానేయకండి అమ్మా. కనీసం ఈ సెమిస్టరు పరీక్షలు రాసేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి.

మీ ఉత్తరం చదివితే, చిక్కంతా చదివే పద్ధతిలో ఉందనిపిస్తోంది. బీకాంలో ఒక పాఠం చదవగానే నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు, పరిమితులు అని నోట్సు రాసుకోవడం అలవాటవుతుంది. ఇక్కడా రియలిజం లక్షణాలు అయిదు, లిబరలిజం లక్షణాలు ఆరు అని రాసుకుంటూ ఉండి ఉంటారు. అలా చదివితే ఈ పేపరు ఎవరికీ ఎక్కదు. ఎందుకంటే ఇందులోని ప్రతి పుస్తకమూ ఎవరికో ఒకరికి చెప్పిన జవాబు. అవతలివాడు ఏమన్నాడో తెలియకుండా జవాబు మాత్రమే వింటే ఏం అర్థమవుతుంది?

ఈ శాస్త్రం పుట్టుకే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మంది యువకులు చనిపోయాక, యుద్ధాలు ఎందుకు వస్తాయో చదవాలని 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ఈ విషయానికి మొట్టమొదటి ఆచార్య పీఠం పెట్టారు. నానాజాతి సమితి, ఒప్పందాలు, ప్రజాభిప్రాయం కలిసి యుద్ధాన్ని ఆపగలవని అప్పటివారు నమ్మారు. ఇరవై ఏళ్లకు అదే పీఠంలో కూర్చున్న బ్రిటిష్ పండితుడు ఇ.హెచ్. కార్ ఆ నమ్మకాన్ని నిలదీస్తూ 1939లో పుస్తకం తెచ్చారు. అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంత నెత్తురు వెనక ఉన్న వాదన అయిదు లక్షణాల్లో ఇమడదు.

ఇంకో చిక్కు భాషది. మీరు ఆగిపోతున్న పేజీల్లో అనార్కీ అన్న మాట తప్పకుండా ఉంటుంది. నిఘంటువు చూస్తే అరాచకం అని ఉంటుంది. అరాచకం అనగానే మనకు దోపిడీలు, దొమ్మీలు గుర్తొస్తాయి. అక్కడే దారి తప్పుతాం. దాని మూలరూపం అరాజకం, అంటే రాజు లేకపోవడం. ఈ పేపరుకు కావలసిన అర్థం సరిగ్గా అదే. రెండు ఊళ్ల మధ్య చెరువు తగాదా వస్తే పోలీసులున్నారు, కోర్టుంది. రెండు దేశాల మధ్య తగాదా వస్తే పైన ఎవరూ లేరు. దండించే రాజు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ని మింగేస్తాడన్న కౌటిల్యుడి మాత్స్యన్యాయం మీకు కొత్త కాదు కదా.

ఇప్పుడు వాదన వినండి. పైన రాజు లేడు కాబట్టి ప్రతి దేశమూ తన రక్షణ తానే చూసుకోవాల్సి వస్తుందని కెనెత్ వాల్ట్జ్ అనే పండితుడు 1979లో అన్నారు. ఇది రియలిస్టుల మాట. రాజు లేకపోయినా వ్యాపారం, సంస్థలు, ఒప్పందాలు దేశాలను కట్టిపడేస్తాయని కొహేన్, నై అనే ఇద్దరు పండితులు అంతకు రెండేళ్ల ముందే వాదించారు. ఇది లిబరల్ మాట. రాజు లేకపోవడం ఒక్కటే ఏదీ తేల్చదు, దేశాలు ఒకదాన్నొకటి ఎలా చూస్తున్నాయన్నదే అసలు సంగతి అని 1992లో వెండ్ట్ అనే మరో పండితుడు అన్నారు. ఈ మూడో దారిని కన్‌స్ట్రక్టివిజం అంటారు. బ్రిటన్ దగ్గరున్న వందల అణ్వాయుధాలకు అమెరికా భయపడదు, ఉత్తర కొరియా దగ్గర అయిదుంటే చాలు, భయపడుతుంది. ఇది ఆయన ఇచ్చిన ఉదాహరణే.

ఇక మీరు చేయాల్సిన పని. ఒక్క ఘటన తీసుకోండి. 2022 మార్చి 2న, ఉక్రెయిన్ నుంచి రష్యా సేనలు వెనక్కి వెళ్లాలన్న తీర్మానంపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఓటింగు జరిగింది. 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థం. భారత్ ఆ 35లో ఉంది. ఆ వారమే ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు సరిహద్దులు దాటి వస్తుంటే ఎన్నో తెలుగు ఇళ్లలో ఫోను పక్కన పెట్టుకుని రాత్రంతా మేలుకున్నారు. భారత్ ఎందుకు తటస్థంగా ఉంది? ఒక కాగితం మీద మూడు పేరాలు రాయండి.

రియలిస్టు పేరాలో రష్యా ఆయుధాలు, 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణ తర్వాతి చైనా సరిహద్దు వస్తాయి. లిబరల్ పేరా కష్టం, అందుకే దాని మీద ఎక్కువసేపు కూర్చోండి. వ్యాపారం యుద్ధాన్ని ఆపుతుందంటే, ఐరోపాకు అంత గ్యాస్ అమ్ముతున్న రష్యా యుద్ధానికి ఎందుకు దిగింది? వెండ్ట్ దారిలో రాసే మూడో పేరాలో 1971 ఆగస్టు నాటి భారత్-సోవియట్ ఒప్పందం జ్ఞాపకం, అలీన విధానంతో మనల్ని మనం చూసుకున్న తీరు రావాలి. చివర ఒక ప్రశ్న రాసుకోండి: రష్యా ఆయుధాల అవసరం తగ్గిపోయాక కూడా భారత్ ఇలాగే ఓటేస్తే, ఈ మూడింటిలో ఏది బలపడుతుంది? ఆ ప్రశ్న వేయగలిగితే సిద్ధాంతం మీ చేతికొచ్చినట్లే. మొదటి ప్రతి తెలుగులోనే రాయండి. ఆలోచన కుదిరాక ఇంగ్లిషులోకి మార్చుకోవచ్చు.

నాన్నగారి మాటలోనూ న్యాయముంది. విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్)కు దారి సివిల్స్ పరీక్షే, దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, ఎంఏ అక్కర్లేదు. ఎంఏ పట్టా చూసి ఎవరూ పిలిచి ఉద్యోగమివ్వరన్నదీ నిజం. అయితే సివిల్స్ పరీక్షలో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అన్న ఐచ్ఛికం 500 మార్కులది. దాని రెండో పేపరు సిలబస్‌లో ఐడియలిస్టు, రియలిస్టు, మార్క్సిస్టు దృక్పథాలు నేరుగా ఉన్నాయి. జనరల్ స్టడీస్ రెండో పేపరులోనూ అంతర్జాతీయ సంబంధాలున్నాయి. ఇవాళ మానేసి వెళ్తే, లక్షలు కట్టి కోచింగులో మళ్లీ ఇదే పాఠం వినాలి. సివిల్స్ రాకపోయినా నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. పరిశోధన సంస్థల్లో కొలువులు తక్కువే, వాటికి ఒక విదేశీ భాష పెద్ద అండ. మీ విశ్వవిద్యాలయంలో భాషల విభాగముంటే ఇప్పుడే సర్టిఫికెట్ కోర్సులో చేరండి. లేదంటే ఎంఏ అయ్యాక హైదరాబాద్‌లోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో అరబిక్, చైనీస్, రష్యన్ నేర్చుకునే వీలుంది. మన వాళ్లు అంతమంది గల్ఫ్‌లో ఉండగా అరబిక్ వచ్చిన తెలుగు అధికారులు మరింత మంది ఉండాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మీకూ ఆసక్తి ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

వచ్చే తరగతికి ముందు ఆ మూడు పేరాల్లో ఒకటి మీ అధ్యాపకులకు చూపించండి. తరగతిలో లేచి మాట్లాడటం కన్నా అది తేలిక. పరీక్షలయ్యాక మార్కుల కాగితం, మీరు రాసిన పేజీలు రెండూ నాన్నగారి ముందు పెట్టి, అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.