Re: అమ్మ గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని పదేపదే చూసుడు

తమ్మీ, అమ్మ గ్యాస్ ఇరవై సార్లు చూస్తదని, మొన్న హైదరాబాద్ బస్సెక్కి నార్కట్‌పల్లిల దిగి వాపస్ నల్గొండ పోయిన్రని రాసినవ్ కదా, నాదీ గిదే కథ, నాకైతే తాళం ఏసిన్నా లేదా అని డౌట్, దీన్ని ఓసీడీ అంటరు, డౌట్ పోక పదేపదే చూసుకునే జబ్బు. నువ్వు ప్రతిసారి "బంద్ చేసినవ్ లే అమ్మా" అంటున్నవ్ సూడు, ఆ డౌట్‌కు అదే మేత, పది నిమిషాలు నిమ్మళం, మళ్ల మొదలు. థెరపీల నాతోని ఏం చేయించిన్రంటే, ఒక్కసారే తాళమేసి గుంజి చూడకుంట పోవాలె, గుండె దడదడ కొట్టుకున్నా వాపస్ రావొద్దు, జర సేపైనంక దడ దానంతటదే తగ్గుతది, తగ్గకున్నా ఓర్చుకోవచ్చని మనకే ఎరుకైతది. దీన్నే ఈఆర్‌పీ అంటరు, అంటే భయాన్ని ఎదుర్కొనుకుంట మళ్ల మళ్ల చూసుడు ఆపే థెరపీ. చిన్న భయంతోని షురూ చేస్తరు, పెద్దది తర్వాత. డౌట్ వచ్చినంత మాత్రాన గ్యాస్ లీకైనట్టు కాదు అని ఆలోచనను ఆలోచన లెక్కనే చూసుడు గుడ నేర్పుతరు. కొందరికి గోలీలు గుడ తోడు కావాలె, అది డాక్టర్ చెప్తడు. తిట్టకుర్రి మాత్రం. ముందుగాల 14416 టెలీమానస్‌కు, అంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ కొట్టు, ఫ్రీనే, తెలుగుల మాట్లాడుతరు.