నీ బండి చప్పుడెంతో నీకు తెలియాలి, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ జాబు నిన్న అందింది. తనిఖీలో నీ బండిని పక్కకు తీయించి, సైలెన్సర్ దగ్గర మీటరు పెట్టి, 101 డెసిబెళ్లు వచ్చిందని జరిమానా రాశారన్నావు. సైలెన్సర్ అమ్మినవాడేమో "ఎక్కడైనా చెల్లుతుంది, భయం లేదు" అన్నాడట. నీ కోపం అక్షరాల్లోనే తెలుస్తోంది. నలభై ఏళ్లుగా బండి నడుపుతున్నాను, విప్పి బిగించడం కూడా నా చేతులతోనే నేర్చుకున్నాను. ఈ చప్పుడు గొడవలో నీలాగే నేనూ పడి లేచాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

"కంపెనీ చెప్పిన 94 కంటే ఏడే ఎక్కువ కదా మామయ్యా" అన్నావు. ఆ ఏడు మామూలు ఏడు కాదురా. డెసిబెల్ లెక్క గజాలూ కిలోలూ లాగా ఒకటికి ఒకటి కలుపుకుంటూ పోయేది కాదు. మూడు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. పది పెరిగితే పది రెట్లు. ఏడంటే అయిదు రెట్లు. చెవికి అయిదు రెట్లు అనిపించదు, ఒకటిన్నర రెట్ల పైచిలుకు అనిపిస్తుంది. అదైనా తక్కువేం కాదు.

ఈ జాబు మడిచి పెట్టగానే బండి దగ్గరికి వెళ్లి చూడు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీదో, పక్కనెక్కడో, చిన్న ప్లేటో స్టిక్కరో ఉంటుంది. దాని మీద రెండు అంకెలుంటాయి, ఒకటి డెసిబెళ్లు, రెండోది ఆర్పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు. యూరప్ దేశాల్లో రిజిస్ట్రేషన్ కాగితం మీదే యూ.1, యూ.2, యూ.3 అని గడులు ఉంటాయి. నిలబెట్టి కొలిచిన చప్పుడు, అది ఎంత ఆర్పీఎం దగ్గర కొలిచారు, నడుస్తున్నప్పటి చప్పుడు, ఆ వరుసలో. తనిఖీ చేసేవాడు చాలాచోట్ల ఆ అంకెతోనే పోల్చి చూస్తాడు. ఏళ్ల తరబడి బండి నడిపేవాళ్లలో కూడా తమ బండి అంకె చెప్పగలిగినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. టైరులో గాలి ఎంతుండాలో అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు.

ఎలా కొలుస్తారో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే తప్పు కొలతకు తల వంచాల్సి వస్తుంది. బండి న్యూట్రల్‌లో ఉండాలి, ఇంజన్ వేడెక్కి ఉండాలి. మైకు సైలెన్సర్ నోటికి అర మీటరు దూరంలో, నోరున్న ఎత్తులోనే, గొట్టం దిశకు 45 డిగ్రీల కోణంలో పెట్టాలి. నోటికి ఎదురుగా పెడితే వచ్చే గాలి మైకును కొట్టి అంకె పెరుగుతుంది. ఆర్పీఎం సంగతి చూడు. పూర్తి శక్తి 5000 ఆర్పీఎం పైన వచ్చే బండైతే, పూర్తి శక్తి వచ్చే ఆ ఆర్పీఎంలో సగం దగ్గర, అంతకు లోపు వచ్చేదైతే ముప్పాతిక దగ్గర నిలకడగా పట్టి, ఆపైన యాక్సిలరేటర్ వదిలెయ్యాలి. చుట్టూ మూడు మీటర్ల లోపు గోడలు ఉండకూడదు. నీ బండిని గోడ వారన నిలబెట్టి కొలిచారా, ఎంత రేజ్ చేశారు, ఇవి గుర్తు తెచ్చుకుని రాయి. ఫోనులో ఆప్ పెట్టి కొలిస్తే అసలు అంకె రాదు, కానీ అదే ఫోను, అదే చోటు, అదే దూరం పెట్టుకుంటే మార్చకముందుకూ మార్చాకకూ తేడా ఎంతో బాగానే తెలుస్తుంది.

"కాగితం మీద ఒకచోట 77 అని ఉంది, ఇంకోచోట 94 అని ఉంది, ఏది నిజం?" అని అడిగావు. రెండూ నిజమే. 94 అర మీటరు దూరంలో నిలబెట్టి కొలిచింది. 77 నడుస్తూ పోతున్న బండిని ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలిచింది. బండి ఒక గీత దాటగానే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ఇరవై మీటర్ల తర్వాత ఉన్న రెండో గీత దాటేదాకా అలాగే పట్టుకుంటారు. ఐక్యరాజ్యసమితి 41వ నంబరు నిబంధన ఇదే. బండి బరువుకు శక్తి ఎంతుందో చూసి 73, 74, 77 అని మూడు మెట్లు పెట్టారు. అమెరికాలో అయితే 1986 నుంచి రోడ్డు బండ్లకు కంపెనీ దాటకూడని హద్దు 80. వాళ్ల కొలిచే పద్ధతి వేరు, కాబట్టి ఒక దేశం అంకెను ఇంకో దేశం అంకె పక్కన పెట్టి వాదించకు.

ఒకప్పుడు కొన్ని బండ్లు ఆ పరీక్ష జరిగే వేగంలో మాత్రమే మెత్తగా ఉండి, అది దాటగానే సైలెన్సర్ లోపలి వాల్వు తెరుచుకుని గర్జించేవి. అందుకే తర్వాత వేర్వేరు వేగాల్లో, వేర్వేరు గేర్లలో కూడా చూసేలా నిబంధన మార్చారు.

ఇక కడుపుమండే సంగతి ఒకటి రాస్తాను. ఆస్ట్రియాలో టిరోల్ కొండదారులు బండి మీద వెళ్లేవాళ్లకు ప్రాణం. 2020 వేసవిలో అక్కడ కొన్ని దారుల్లో, కాగితం మీద 95 డెసిబెళ్లకు మించి రాసి ఉన్న బండిని రానివ్వకూడదని ఉత్తర్వు ఇచ్చారు. గమనించు, ఏ మార్పూ చెయ్యకుండా కంపెనీ ఇచ్చినట్టే ఉన్న బండి అయినా సరే, కాగితం మీద 96 ఉంటే దారి లేదు. ఏ తప్పూ చెయ్యనివాడికి ఆ దారి ఎవరి వల్ల మూసుకుపోయింది? శనాదివారాలు ఆ లోయల్లో సైలెన్సర్ ఖాళీ చేసుకుని తిరిగినవాళ్ల వల్లే కదా. ఫ్రాన్స్‌లో నాలుగు మైకులు కలిపి ఏ బండి అరిచిందో పట్టుకునే యంత్రాలు స్తంభాల మీద పెట్టి చూస్తున్నారు. ఒక్కొక్కరి సరదా చేరి చేరి అందరి మెడకూ చుట్టుకుంటోందిరా.

"చప్పుడుంటే ఎదుటివాడు జాగ్రత్తపడతాడు" అన్న మాట నువ్వూ రాశావు. నేనూ చాలా ఏళ్లు నమ్మాను. సైలెన్సర్ నోరు ఎటుంది? వెనక్కి. నీకు ప్రమాదం ఎక్కువగా ఎటునుంచి వస్తుంది? ముందునుంచి, అడ్డంగా తిరిగే బండి నుంచి. అద్దాలు ఎక్కించుకుని పాటలు పెట్టుకున్నవాడికి నీ చప్పుడు వినిపించేసరికి నువ్వు అతని పక్కనే ఉంటావు. ముందు లైటు, హారను, అతని అద్దంలో కనిపించేలా నీ చోటు ఎంచుకోవడం, ఇవి నిన్ను కాపాడతాయి.

నాకు ఆ నమ్మకం పోయిన రోజు చెబుతాను. నా బండిని ఒక స్నేహితుడికిచ్చి, ఒక్క చుట్టు తిప్పి రమ్మని, నేను మేడ మీద నిలబడ్డాను. నడిపేవాడు చప్పుడుకు ముందు కూర్చుంటాడు, తల మీద హెల్మెట్టు, చెవుల్లో గాలి. అందరికంటే తక్కువ వినేది వాడే. ఆరోజు మొదటిసారి నా బండిని బయటివాడిలా విన్నాను. మలుపు తిరగకముందే వినిపించింది, కిటికీ అద్దం సన్నగా వణికింది. కింద వరండాలో పసిబిడ్డను భుజాన వేసుకుని జోకొడుతున్న పక్కింటావిడ చటుక్కున బిడ్డ చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అది కొత్తగా చేసిన పనిలా లేదు, రోజూ అలవాటైన చెయ్యిలా ఉంది. ఎన్ని ఉదయాలు నేను అలా బయల్దేరానో లెక్కపెట్టుకుని చాలా బాధపడ్డాను.

తనిఖీ దాటడానికి కుర్రాళ్లు చేసే పని నాకు తెలియనిది కాదు. సైలెన్సర్ నోట్లో ఉండే డీబీ కిల్లర్, అంటే చప్పుడు తగ్గించే చిన్న గొట్టం, ఒక్క బోల్టు మీద నిలుస్తుంది. దాన్ని విప్పి సంచిలో వేసుకోవడం, మీటరుందని తెలిస్తే పక్కన ఆపి బిగించడం. నేనూ చేశాను. ఒకసారి తొందరలో బోల్టు సగమే బిగించి బయల్దేరాను. కాసేపటికి ఆ గొట్టం ఊడి వెనక వచ్చేవాడి ముందు చక్రం పక్కనే పడింది. అతను తప్పుకున్నాడు కాబట్టి ఇవాళ నీకు జాబు రాయగలుగుతున్నాను. అది తీసి నడపకు. పైగా ఇంధనం లెక్కంతా అది ఉన్నట్టుగా వేసిందే. తీసేస్తే మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి ఇంజన్ మామూలు కంటే వేడెక్కవచ్చు, కింది వేగంలో లాగుడు కూడా తగ్గవచ్చు. చప్పుడు పెరిగితే శక్తి పెరిగినట్టు అనిపించడం చెవి చేసే మోసం.

నీ సైలెన్సర్‌లో నాకు అనుమానం ఉన్నది ప్యాకింగ్ మీద. నువ్వు కొన్నది లోపల తూట్ల గొట్టం, దాని చుట్టూ ప్యాకింగ్‌గా గ్లాస్ ఊల్, అంటే గాజు పీచు, ఉన్న రకం. ఆ ఊలే చప్పుడును పీల్చుకుంటుంది. వేడికీ ఒత్తిడికీ అది కాలుతుంది, పొడై తూట్లలోంచి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. అందుకే కొన్నప్పుడు పరీక్ష దాటిన సైలెన్సరే కొన్నాళ్లకు దాటదు. వేలి కణుపుతో డబ్బా మీద కొట్టి చూడు. ప్యాకింగ్ నిండుగా ఉంటే దబ్ మని మొద్దుగా పలుకుతుంది, పోయి ఉంటే ఖాళీ బిందెలా మోగుతుంది.

మోగితే విప్పు. పూర్తిగా చల్లారాకే సుమా. చేతులకు గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పీచు చర్మంలో గుచ్చుకుంటే రెండు రోజులు మంట. వెనక మూత రివెట్లు డ్రిల్లుతో తీస్తే లోపలి గొట్టం బయటికొస్తుంది. గొట్టం నోటి దగ్గర నల్లగా తారులా అంటుకున్న పీచు, మధ్యలో మిగిలిన నాలుగు బూడిదరంగు పోచలు, అంతే ఉంటాయి. తూట్లలో గట్టిపడిన మసిని వైరు బ్రష్షుతో రుద్ది ప్రతి తూటూ తెరుచుకునేదాకా శుభ్రం చెయ్యి. కొత్త ఊలు గొట్టం చుట్టూ సమంగా చుట్టి, టేపుతో పట్టించి, డబ్బాలోకి తొయ్యి. బలవంతంగా కుక్కితే చప్పుడు పీల్చుకోదు, వదులుగా పెడితే త్వరగా కాలిపోతుంది. చేత్తో నొక్కితే కొంచెం దిగి మళ్లీ పైకి లేవాలి, అదే కొలత. కొత్త రివెట్లు వేసి, అంచున వేడి తట్టుకునే సీలెంటు రాయి.

ఆ పని అయ్యాక లీకులు చూడు. బెండ్ పైపు ఇంజన్‌ను కలిసే చోట గ్యాస్కెట్టు, క్లాంపుల దగ్గర, వెల్డింగుల దగ్గర నల్లని మసి చారలు కనిపిస్తే అక్కడ గాలి కారుతున్నట్టే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీ బండి టపటపమంటోందన్నావు కదా, ఆ లీకులోంచి బయటి గాలి దూరి, మిగిలిన ఇంధనం గొట్టంలో అంటుకోవడం దానికి ఒక కారణం. గ్యాస్కెట్టు మార్చడం చిన్న పని, అంకె మీద దాని ప్రభావం చిన్నది కాదు.

ఇవన్నీ చేశాక కూడా 94కు దిగకపోతే ఆ సైలెన్సర్‌ను వదిలేసి పాత కంపెనీది తిరిగి బిగించు, సందేహించకు. ఇంకెప్పుడైనా కొత్తది కొనాలనిపిస్తే డబ్బా మీద ముద్ర చదువు. వలయంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన అంకె ఉంటే అది రోడ్డుకు ఆమోదం పొందిందని అర్థం, అది కూడా ఏ మోడలుకో కాగితంలో చూసుకోవాలి. "పోటీలకు మాత్రమే" అని చెక్కి ఉంటే, అమ్మేవాడు ఏం చెప్పినా అది రోడ్డుకు పనికిరాదు.

మిగిలింది నీ కుడిచెయ్యి. అదే బండి, అదే సైలెన్సర్, ఒక గేరు పైన వేసి మెల్లగా తిప్పితే ఇళ్ల మధ్య ఎవరికీ తెలియకుండా పోవచ్చు. తెల్లారుజామున వెళ్లాల్సివస్తే బండిని వీధి చివరిదాకా తోసుకెళ్లి స్టార్ట్ చెయ్యి. నిలబెట్టి రేజ్ చేస్తూ వేడెక్కించే పని ఇప్పటి బండ్లకు అక్కర్లేదు, మెత్తగా నడిపితే అదే వేడెక్కుతుంది. దూర ప్రయాణాలకు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో. వంద కిలోమీటర్ల వేగంలో హెల్మెట్టు లోపల గాలి హోరే చెవిని పాడుచేసేంత ఉంటుంది. నేను పెట్టుకోలేదు, ఎడమ చెవిలో ఇప్పుడు రాత్రిళ్లు సన్నగా ఒకటే మోత.

ఆదివారం విప్పుతావేమో, లోపలి గొట్టం ఫోటో తీసి పంపు, తూట్లు ఎంత మూసుకుపోయాయో చూసి చెబుతాను. ఆ ప్లేటు మీది రెండు అంకెలూ రాయడం మరచిపోకు. డీబీ కిల్లర్ బోల్టు మీద ఒక చుక్క లాక్‌టైట్, అదే బోల్టు వదులవకుండా పట్టే జిగురు, వేసి బిగించు.

ఆశీస్సులతో,
మామయ్య