కోల్డ్ స్టార్ట్ అయితేనే బేరం

ప్రశ్న: విజయవాడలో 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్ చూశాను. మీటరు 92 వేలు చూపిస్తోంది. బండి అద్దంలా మెరుస్తోంది. ఇంకో పార్టీ అడ్వాన్స్ ఇచ్చేలా ఉందని బ్రోకర్ తొందరపెడుతున్నాడు. తీసుకోవచ్చా?
– ఎస్., తెనాలి

జవాబు: ఆ ఇంకో పార్టీ ప్రతి బేరంలోనూ ఉంటుంది, నేను మాత్రం ఇంతవరకు ఆయన్ని చూడలేదు. మీరు నిదానంగానే ఉండండి.

ఇంజన్ గురించి భయం అక్కర్లేదు. అది ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్ మూడింటి బండ్లలోనూ అదే గుండె కొట్టుకునేది. టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. 2000 ఆర్‌పీఎం దాకా బద్ధకిస్తుంది, అది దాటితే పరుగే. టైముకి ఆయిల్ మార్చిన బండయితే రెండు లక్షల కిలోమీటర్లకీ బెదరదు. ఆటోనగర్‌లో దాన్ని విప్పడం రాని మెకానిక్ ఉండడు.

ఇక బండి సంగతి. ముందురోజు రాత్రే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పండి. పొద్దున ఆరింటికల్లా వెళ్ళి బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే వాళ్ళిచ్చిన టీ తాగి ఇంటికొచ్చేయండి. చల్లటి ఇంజన్‌కి సెల్ఫ్ కొట్టినప్పుడే (కోల్డ్ స్టార్ట్ అంటే అదే) దాని అసలు గొంతు వినిపిస్తుంది. 2004లో నేనో సెకండ్ హ్యాండ్ బండి (కంపెనీ పేరెందుకు లెండి) మిట్టమధ్యాహ్నం చూసి, నున్నగా నడిచిందని మురిసిపోయి కొన్నాను. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే సందంతా నీలం పొగ. మున్సిపాలిటీ వాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని ఎదురింటి పిన్నిగారు తలుపులేసుకున్నారు. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. పిస్టన్ రింగులు మార్పించి బయటపడేసరికి 28 వేలయింది.

అన్నట్టు, విజయవాడ బండి అంటున్నారు కాబట్టి ఇంకో మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వాటినీ కడిగి పాలిష్ కొడితే మెరుస్తాయి. అందుకని సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. కడిగేవాళ్ళు లోపలి మూరదాకా వెళ్ళరు, బురద చార అక్కడ దొరికిపోతుంది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి, కింద గుంటలో తుప్పుందేమో చూడండి. మీటరు 92 వేలే చూపించినా, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే ఆ అంకెని నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3122 అంటే 2022లో 31వ వారం తయారైందని. ఆర్‌సీ మీద అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్ళ పేరు కొట్టేయించారో లేదో అడగండి. 2028లో పదిహేనేళ్ళు నిండి రెన్యువల్ ఖర్చు మీ నెత్తినే పడుతుంది, దాన్ని కూడా బేరంలో కలపండి.

ప్రశ్న: తలుపు వేస్తే 'ధబ్' మని బరువుగా మోగే కారే గట్టిదని మా మామయ్య అంటారు. నిజమేనా?
– కె., ఖమ్మం

జవాబు: మీ మామయ్యగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, కాదు. ఆ చప్పుడు చాలావరకు తలుపు బీడింగ్, లాకు, లోపల అంటించిన షీట్ల పనితనం. బొటనవేలితో నొక్కితే సొట్టపడే పైరేకు కూడా గుద్దుకున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది కాదు. కాపాడాల్సింది లోపలి చట్రం. దాన్ని చేత్తో తట్టి తెలుసుకోలేం, గుద్ది చూడాల్సిందే. కార్ల భద్రతకి స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తారు. అందులో 2018 డిసెంబర్‌లో టాటా నెక్సాన్‌కి 5 స్టార్లు వచ్చాకే మనవాళ్ళు షోరూమ్‌లో స్టార్ల సంగతి అడగడం నేర్చారు. 2023 అక్టోబర్ నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. ఇంతకీ వెనక సీట్లో మీ మామయ్యగారు బెల్టు పెట్టుకుంటున్నారా?

ప్రశ్న: సన్‌రూఫ్ ఉన్న మోడల్‌కి లక్ష దాకా ఎక్కువవుతోంది. పిల్లలు పట్టుబడుతున్నారు.
– పి., రామగుండం

జవాబు: రామగుండం ఎండలో నెత్తిమీద అద్దమా! దాని అంచుల్లో నీళ్ళు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. బండిని వేపచెట్టు కింద పెట్టారంటే పూత రాలి అవి మూసుకుపోతాయి, వానాకాలంలో నీళ్ళు సీట్లోకొస్తాయి. పిల్లలు తల బయటపెట్టి నిలబడే సరదా కోసమే అయితే అసలే వద్దు, సడన్ బ్రేకు పడితే ఏమవుతుందో తలుచుకోండి. ఆ లక్ష చేతిలో ఉంచుకుంటే రెండుసార్లు మంచి టైర్లు వేయించుకోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని పదేళ్ళుగా షెడ్డులో ఉంది. పాతసామాను వాళ్ళు తూకానికి అడుగుతున్నారు. మనసొప్పడం లేదు.
– ఎం., వరంగల్

జవాబు: తూకానికి ఇవ్వకండి బాబూ. ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేల రేకు, తలుపుల కింది అంచులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడిపోతే టింకరింగ్‌కే బోలెడవుతుంది, అప్పుడు ఆలోచిద్దాం. గట్టిగా ఉంటే మాత్రం 1089 సీసీ ఇంజన్ కష్టం కాదు. బొంబాయి కుర్లాలో తయారైన, అందరూ ఫియట్ అనే ఆ బండికి స్టీరింగ్ పక్కనే గేరు రాడ్. ఎడమచేతి వేళ్ళతో రెండో గేరు వేయడంలో ఉన్న సుఖం ఏ ఆటోమేటిక్‌లోనూ లేదు.

తొందరపడి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. ట్యాంకులో పాత పెట్రోలు తీసేయించండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి, ఒక రోజు ఆగి, ఇంజన్‌ని చేత్తో తిప్పించండి. బ్రేకుల్లో రబ్బర్లన్నీ కొత్తవే వేయించాలి. పెట్రోలు గొట్టాలు, కార్బరేటర్ కిట్టు కూడా మార్చాలి. ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు. వింటేజ్ నంబరు మీద ఆశ పెట్టుకోకండి, దానికి యాభై ఏళ్ళు నిండాలి, అంటే 2036.

ప్రశ్న: మీరు నడిపిన బండ్లలో ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటారు?
– ఆర్., కడప

జవాబు: కాంటెస్సా అంటానని మీరనుకుంటారు. ఆ పొడవాటి బోనెట్ వెనక కూర్చుని బందరు రోడ్డు మీద వెళుతుంటే మనమే కలెక్టరు. కానీ పెట్రోలు బంకు వాడికి నా పేరు, మా ఆవిడ పేరు, పిల్లల పుట్టినరోజులు కూడా తెలిసిపోయాయి. అంబాసిడర్‌లో వెనక సీటు సింహాసనమే, కానీ నాకు డ్రైవింగ్ ఇష్టం, కూర్చోవడం కాదు.

నేనుంచుకునేది మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, నాలుగు గేర్లు. నా 1996 బండిలో ఏసీ వేసి కనకదుర్గమ్మ కొండెక్కాలంటే ముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకోవాలి, తర్వాత ఏసీ ఆపాలి. కానీ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను రోడ్డు మీద వదిలేయలేదు. దాంట్లో ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. 2007లో మా మేనల్లుడికిచ్చాను. వాడింకా నడుపుతున్నాడు. క్లచ్ మీంచి కాలు మాత్రం తియ్యడు వెధవ, ఇప్పటికి మూడు ప్లేట్లు మార్పించాడు.